పార్దూ కత్తి మూసిన చప్పుడు

ఆ ఇంట్లో భోజనం ఎప్పుడు మొదలవ్వాలో గోడ గడియారం చెప్పేది. ఎప్పుడు ముగియాలో పార్దూ జేబు కత్తి చెప్పేది. గడియారం అప్పుడప్పుడూ మొరాయించేది. కత్తి మాత్రం ఒక్కనాడూ మొరాయించలేదు.

పార్దూ నోయెలీకి మామగారు. బల్లకి పొయ్యి వైపు కొసన కూర్చునేవాడు. జేబులోంచి మడత కత్తి తీసి, చప్పుడు లేకుండా విప్పి, దాంతోనే రై రొట్టె కోసుకునేవాడు. దాని మొనతోనే ఉప్పు పంది ముక్క గుచ్చుకునేవాడు. చీజు కూడా దాంతోనే. అంతా అయ్యాక మిగిలిన రొట్టె ముక్కతో బ్లేడుని అటొకసారి ఇటొకసారి తుడిచి, ఆ ముక్క కూడా నోట్లో వేసుకుని, బొటనవేలితో కత్తి మూసేవాడు. ఠప్! కొరడా ఝళిపించినట్టుండేది. అక్కడికి భోజనం అయిపోయినట్టే. ఎక్కడి చెంచా అక్కడ, ఎక్కడి ముద్ద అక్కడ. అందరూ లేచి పనిబల్లల దగ్గరికి నడవాల్సిందే. తియేర్ పట్నానికి పైన, ఆ కొండ పల్లెల్లో ఏ ఇంటికెళ్ళినా ఇదే వరస. ఇంటి పెద్ద కత్తి మూశాక కూడా దవడ ఆడించిన కోడల్ని గురించి పక్కూళ్ళో కూడా చెప్పుకునేవాళ్ళు.

తక్కిన వాళ్ళకి దీంతో పెద్ద ఇబ్బంది లేదు. పార్దూ చెల్లెలు త్వానెత్ కోడి గింజలేరినట్టు తినేది. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "తినడానికే తీరిక లేదు, ఇంక మొగుడొకడా?" అనేది. నోయెలీ భర్త మారియస్ తండ్రి ముద్ద చూసి తను ముద్ద పెట్టేవాడు, ఇద్దరికీ ఒకేసారి అయిపోయేది. ఎటొచ్చీ నోయెలీకే తంటా. ఆమె కింద మైదానంలో, రైల్వే గేటు కాసేవాళ్ళింట్లో పుట్టింది. ఒక రైలు వెళ్ళాక ఇంకో రైలు వచ్చేదాకా రెండు గంటలు. ఆ రెండు గంటలూ భోజనమే. అలాంటి ఇంట్లో పెరిగిన మనిషి ముద్దని నమలకుండా మింగడం అప్పటికప్పుడు ఎలా నేర్చుకుంటుంది? పైగా ఇక్కడ వడ్డించేది తను, కూర్చునేది అందరికంటే ఆఖర్న. తను కుర్చీలో కూర్చున్నప్పటి నుంచి ఠప్ మనేదాకా ఎంతసేపో ఒకసారి చూసుకుంది. జపమాలలో ఒకటిన్నర వరస తిప్పేంతసేపు. పదకొండేళ్ళ కాపురంలో ఆమె తన చీజు ముక్క పూర్తిగా తిన్న రోజులంటే, జ్వరం వచ్చి మంచం మీద తిన్నవే.

ఆకలితో చచ్చిపోయిందని కాదు. వంట చేసేవాళ్ళు ఎప్పుడూ ఆకలితో చావరు, గరిటెకి అంటుకున్నదైనా ఉంటుంది. కానీ కూర్చుని, స్థిమితంగా, ఆఖరి ముక్క దాకా తినడం వేరు. నోయెలీకి ఆ ఆఖరి ముక్క బాకీ ఉండిపోయింది.

పని విషయంలో మాత్రం ఆమెకి వేగం తక్కువ కాదు. లోయలోంచి సాన పట్టిన బ్లేడులూ, స్ప్రింగులూ, కొమ్ము పలకలూ గంపల్లో పైకి వచ్చేవి. కిటికీ వారన నాలుగు పనిబల్లలు. నోయెలీ రివెట్లకి బెజ్జాలు వేసేది. మారియస్ స్ప్రింగుని ఆకురాయితో సరిచేసి, పలకల మధ్య బ్లేడు పెట్టి బిగించేవాడు. త్వానెత్ కొమ్ము పిడికి మెరుగు పెట్టేది. చివర్న, కిటికీకి అతి దగ్గరగా, మంచి వెలుతురు పడే చోట పార్దూ. ఆయన చేతిలోకి వచ్చేసరికి కత్తి తయారైనట్టే ఉండేది గానీ ఆయన చెవికి చేరేదాకా కానట్టే లెక్క. ప్రతి కత్తినీ కుడి చెవి దగ్గర పెట్టుకుని విప్పి మూసేవాడు.

"ఇది బద్ధకస్తురాలు. స్ప్రింగు ఇంకాస్త బిగించు."

"ఇది కోపిష్ఠిది. కాస్త తగ్గించు."

"ఊఁ. ఇది వెళ్ళొచ్చు."

శనివారం మారియస్ గంప వీపున వేసుకుని తియేర్‌కి దిగేవాడు. ముప్ఫై ఏళ్ళలో ఆ ఇంటి కత్తి ఒక్కటీ వెనక్కి రాలేదు. అందుకే కంపెనీ తరఫున పని చూసే గార్దెల్ గారు మేలైన కొమ్ము ఎవరికీ ఇవ్వకుండా వీళ్ళకే అట్టే పెట్టేవాడు. "పార్దూ చెవి ఉన్నన్నాళ్ళూ నేను గంప తెరిచి చూడను" అనేవాడు.

అయితే పార్దూకి ఆ చెవి గురించే ఒక భయం ఉండేది. ఆయన తండ్రి కూడా ఇదే కిటికీ దగ్గర కూర్చుని ఇలాగే విన్నవాడు. ముసలితనంలో ఆయనకి చెవి పోయింది. పోయిన సంగతి ఆయనకి తెలియలేదు. చర్చి గంట వినపడేది, ఆవు అరుపు వినపడేది, కోడలు సణిగింది కూడా వినపడేది. కత్తి మూసే సన్నటి చప్పుడు మాత్రం వినపడేది కాదు. ఏడాది పాటు సొట్ట కత్తులన్నిటికీ "వెళ్ళొచ్చు, వెళ్ళొచ్చు" అన్నాడు. గంపలు వెనక్కి రావడం మొదలైంది. చెప్పే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేక, ఆఖరికి పార్దూయే చెప్పాడు. ఆ రోజు నుంచి ముసలాయన గోడ వైపు తిరిగి కూర్చున్నాడు, పోయేదాకా ఇటు తిరగలేదు.

"నాకైతే ఒకరు చెప్పే దాకా రానివ్వను" అనేవాడు పార్దూ. నోయెలీ ఆ మాట వందసార్లు వింది. విన్నది గుర్తుండి ఉంటే ఆ నవంబరులో ఆ పని చేసేది కాదు.

అది సర్వ పునీతుల పండగ రోజు. పొద్దున్నే అయిదింటికి లేచి నోయెలీ ఆపిల్ పోంప్ చేసింది. పొరలు పొరలుగా పిండి ఒత్తి, లోపల ఆపిల్ ముక్కలు పరిచి, పైన మీగడ పోసి కాల్చిన పోంప్. మధ్యాహ్నం రెండు గంటలకి శ్మశానంలో ఫాదరు గారి ప్రార్థన. నల్ల సూటు మీద సూపు పడకూడదని పార్దూ పని ప్యాంటుతోనే భోజనానికి కూర్చున్నాడు. నోయెలీ అందరికీ సూపు పోసి, మాంసం పెట్టి, పోంప్ కోసి ఇచ్చి, తన ముక్క తను పెట్టుకుని, కూర్చుని, మొదటి ముద్ద నోటి దాకా తెచ్చింది.

ఠప్!

"పదండి, ఫాదరు గారు మన కోసం ఆగరు" అన్నాడు పార్దూ. నోయెలీ ముద్దని పళ్ళెంలో దింపింది. పై అంచు నుంచి మీగడ మెల్లగా జారుతోంది. దాన్ని చూస్తూ నిలబడింది.

"ఏంటలా నిలబడ్డావు? వెళ్ళేది సమాధికే, తిరిగొచ్చాక తినొచ్చు" అంది త్వానెత్.

"చల్లారాక అది పోంప్ కాదత్తయ్యా, రొట్టె" అంది నోయెలీ. "మీరు వెళ్ళండి. నాకు తల నొప్పిగా ఉంది."

వాళ్ళు చేమంతి కుండీలు పట్టుకుని వెళ్ళారు. నోయెలీ పోంప్ తినలేదు. పట్టుదల వచ్చినప్పుడు ఆమెకి తిండి సహించదు. మామగారు విడిచిన పని ప్యాంటు కుర్చీ మీద ఉంది, మోకాలి దగ్గర అతుకు వెయ్యాలి. అతుకు వేద్దామని చేతిలోకి తీసుకుంటే జేబు బరువుగా తగిలింది.

కత్తి.

ఆ కత్తిని పార్దూ పందొమ్మిది వందల పదకొండులో తనకోసం తనే చేసుకున్నాడు. నల్ల కొమ్ము పిడి, అరచేతి రాపిడికి అద్దంలా అయింది. నోయెలీ విప్పింది, చప్పుడు లేదు. మూసింది. ఠప్! ఖాళీ ఇంట్లో ఆమె తుళ్ళిపడింది. తుళ్ళిపడ్డందుకు ఇంకా ఒళ్ళు మండింది.

పదకొండేళ్ళు బెజ్జాలు వేసిన మనిషికి ఆ చప్పుడు ఎక్కణ్ణించి పుడుతుందో తెలుసు. మూసినప్పుడు బ్లేడు మడమ స్ప్రింగు మీద దెబ్బ వేసే చోట. తలుపు వెనక పార్దూ పాత నల్ల టోపీ వేలాడుతోంది. దాని లోపలి అంచు నుంచి గోరంత మెత్తటి ఫెల్టు గుడ్డ ముక్క కత్తిరించింది. పనిబల్ల మీద వజ్రం జిగురు కుండ ఇంకా వెచ్చగానే ఉంది. పుల్లతో ఒక చుక్క జిగురు కత్తి కడుపులోకి దించి, దాని మీద ఫెల్టు అంటించి, ఆరేదాకా ప్యాంటుకి అతుకు వేసింది. తర్వాత మూసి చూసింది.

పిల్లి గడప దిగినంత చప్పుడు కూడా లేదు. బొటనవేలికి స్ప్రింగు పట్టు మాత్రం ఎప్పట్లాగే ఉంది. నల్లటి సందులో నల్లటి ముక్క, కళ్ళజోడు పెట్టుకున్నా కనపడదు. కత్తి జేబులో పెట్టేసి, అప్పుడు తన పోంప్ తింది. చల్లారిపోయినా బాగానే ఉందనిపించింది.

మర్నాడు మధ్యాహ్నం. క్యాబేజీ సూపు, ఉప్పు పంది, నీలం చారల చీజు. పార్దూ రొట్టె ముక్కతో బ్లేడు తుడిచి, ముక్క నోట్లో వేసుకుని, కత్తి మూశాడు.

చప్పుడు లేదు. అయినా త్వానెత్ లేచింది.

నలభై ఏళ్ళుగా ఆవిడ చూపు అన్నగారి బొటనవేలి మీదే ఉండేది. అది కదలగానే కాళ్ళు లేచేవి. త్వానెత్ లేచిందని మారియస్ లేచాడు. నోయెలీకి నీరసం వచ్చింది. ఇంత చేస్తే వీళ్ళు వినేది చెవులతో కాదన్నమాట!

కానీ పార్దూ లేవలేదు. కత్తి వంక చూశాడు. విప్పాడు. మళ్ళీ మూశాడు. నిలబడ్డ ఇద్దరి వంకా చూశాడు.

"మోగిందా?" అని అడిగాడు.

"మోగకపోతే నేనెందుకు లేస్తాను?" అంది త్వానెత్.

"నువ్వు విన్నావట్రా?"

"విన్నాను నాన్నా" అన్నాడు మారియస్. అబద్ధం కాదు. వాడు విన్నాననే అనుకున్నాడు.

పార్దూ నోయెలీని అడగలేదు. కత్తిని మెల్లగా బల్ల మీద పెట్టాడు. ఇంటి పెద్ద లేవనిదే ఎవరూ కదలకూడదు కాబట్టి త్వానెత్, మారియస్ మళ్ళీ కూర్చున్నారు. ఎవరికీ ఏం చెయ్యాలో తెలియలేదు. నోయెలీకి తెలుసు. తన చీజు ముక్కని నాలుగు ముక్కలు చేసి, ఒక్కొక్కటే రొట్టె మీద పెట్టుకుని, నమిలి నమిలి తింది. పదకొండేళ్ళ తర్వాత పళ్ళెం అడుగు చూసింది. దాని మీద నీలి పువ్వు ఉందని మర్చేపోయింది.

ఆ వారమంతా అదే వైభోగం. పార్దూ తిన్నాక కత్తి మూయకుండా పళ్ళెం పక్కన పెట్టి, అందరూ ముగించేదాకా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు.

"నాన్న ఎందుకో ఈమధ్య మెత్తబడ్డాడు" అన్నాడు మారియస్.

"వయసు మారియస్. పళ్ళకీ మనుషులకీ ఒకటే, ఆఖర్న తీపెక్కుతారు" అంది నోయెలీ.

రెండో వారం పనిబల్ల దగ్గర ఆమె చెయ్యి ఆగింది. పార్దూ ఒక కత్తిని కుడి చెవి దగ్గర పెట్టుకుని మూశాడు. తర్వాత ఎడమ చెవి దగ్గర. మళ్ళీ కుడి. ఆ కత్తి శుభ్రంగా మోగింది, నోయెలీకి తన బల్ల దగ్గరికే వినపడింది. ఆయన మాత్రం "వెళ్ళొచ్చు" అనలేదు. కొడుక్కి అందించాడు.

"నువ్వు విను."

"నేనా? మీరు విన్నారుగా నాన్నా!"

"వినపడింది. కానీ చెవితో వింటున్నానో, అలవాటుతో వింటున్నానో తెలియడం లేదు. నా కత్తి మోగింది, మీరంతా లేచారు, నాకు మాత్రం వినపడలేదు. మా నాన్నకీ ఇలాగే మొదలైంది."

"కత్తిలోనే ఏదైనా తేడా ఉందేమో?" అన్నాడు మారియస్.

పార్దూ కొడుకు వంక జాలిగా చూశాడు. "ఆ స్ప్రింగుని కాల్చి పదును పెట్టింది ఎవరనుకున్నావు? బొటనవేలికి పట్టు తెలుస్తూనే ఉంది, బంగారంలా ఉంది. కత్తి చెడలేదు, మనిషే చెడ్డాడు."

నోయెలీకి అప్పుడు అర్థమైంది. మామగారు తన చెవినైనా అనుమానిస్తాడు గానీ తను చేసిన కత్తిని అనుమానించడు. ఈ సంగతి ఆమె ముందే ఆలోచించాల్సింది. ఆ పూట చీజు పళ్ళెంలోనే వదిలేసింది.

ఊరికి తెలియడానికి ఎంతసేపు? చెవులు పోయాయన్న మాట పాకగానే ఇరుగుపొరుగు వచ్చి ఆయన మొహం ముందు మొహం పెట్టి అరవడం మొదలెట్టారు. "ఎలా ఉన్నావు పార్దూ!" అని కొండ అవతలికి వినపడేట్టు. ఆయన వినపడుతోందని కసిరే బదులు "ఆఁ?" అనడం నేర్చుకున్నాడు. చెవిటివాడని నలుగురూ అంటుంటే మనిషికి ఆ వేషం త్వరగానే వంటబడుతుంది.

చెప్పేద్దామని ఒక సాయంత్రం నోయెలీ పాలచెంబు పట్టుకుని కొట్టంలోకి వెళ్ళింది. పార్దూ ఆవు పక్కన స్టూలు వేసుకుని కూర్చుని ఉన్నాడు.

"మావయ్యా, మీ కత్తి సంగతి..."

"కూర్చో పిల్లా" అన్నాడాయన. ఎన్నడూ అలా కూర్చోమన్న మనిషి కాదు. "ఒక్క మాట చెప్పనా? నాకు బాధ లేదు. మా నాన్నకి నేను చెప్పిన రోజు ఆయన మొహం నాకు ఇంకా కనపడుతుంది. నా కొడుక్కి ఆ గతి పట్టలేదు. నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. నేనే తెలుసుకున్నాను. అదొక్కటే చాలు."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహంలో గర్వం చూసి నోయెలీ నోరు కట్టుబడిపోయింది. ఇప్పుడు నిజం చెబితే ఆయన చెవి తిరిగొస్తుంది, ఈ గర్వం పోతుంది. చెప్పకపోతే గర్వం ఉంటుంది, కిటికీ పోతుంది. పాలు పితికి, చెంబులో సగం ఒలకబోసుకుని వచ్చేసింది.

దొంగతనంగా ఫెల్టు తీసేద్దామన్నా అవకాశం రాలేదు. పార్దూ ఇప్పుడు కత్తిని చొక్కా పై జేబులో పెట్టి గుండీ పెట్టుకుంటున్నాడు. "నూనె వేసిస్తాను మావయ్యా" అంటే, "నలభై ఏళ్ళుగా నేనే వేసుకుంటున్నాను" అన్నాడు.

డిసెంబరు ఒకటి సెంత్ ఎల్వా పండగ. ఇనుముతో బతికే ప్రతివాడూ ఆ రోజు సుత్తి ముట్టుకోడు, కడుపు నిండా తింటాడు. పార్దూ గార్దెల్ గారిని భోజనానికి పిలిపించాడు. ఎందుకు పిలిపించాడో ముందు రోజే ఇంట్లో చెప్పాడు. భోజనం చివర్న తన కత్తి కొడుక్కి ఇచ్చేస్తాడు. ఇకనుంచి బల్ల దగ్గర మూసేది మారియస్, కిటికీ దగ్గర వినేది మారియస్. పార్దూ ఆవుల్ని చూసుకుంటాడు. ఆ ముందు రోజు పొద్దున్నే తన స్టూలు కిటికీ దగ్గర్నించి తీసి గోడ వారన పెట్టేశాడు కూడా. గోడ వైపు తిప్పి.

ఆ స్టూలు చూశాక నోయెలీ ఏప్రన్ జేబులో క్రోషే సూది వేసుకుంది.

కుందేలు కూర అయింది. చీజులయ్యాయి. పోంప్ వచ్చింది. గార్దెల్ గారు బొద్దు మనిషి, తిండి ముందు మాటలు పెట్టుకోడు. పార్దూ బ్లేడు తుడిచి, విప్పిన కత్తిని పిడి వైపు నుంచి కొడుక్కి అందించాడు.

"మూయరా" అన్నాడు.

మారియస్ కళ్ళు తుడుచుకుని బొటనవేలు ఎత్తాడు.

"ఆగు మారియస్!" అంది నోయెలీ. "ఇటివ్వు."

ఆడది, అందులోనూ కోడలు, ఆ కత్తి అడగడం ఆ ఇంట్లో ఎన్నడూ లేదు. బిత్తరపోయి ఇచ్చేశాడు. నోయెలీ సూది కొక్కెం కత్తి కడుపులోకి దూర్చి, అటూ ఇటూ గీకి, ఒక్క గుంజు గుంజింది. నల్లటి పేలిక ముక్క ఊడి పోంప్ మీద పడింది. దాన్ని తీసి మామగారి పళ్ళెం అంచున పెట్టింది.

"మీ చెవికేం కాలేదు మావయ్యా. ఇది నేనే పెట్టాను, సర్వ పునీతుల పండగ నాడు. మీరు సమాధి దగ్గరికి వెళ్ళినప్పుడు."

"ఎందుకు?" అన్నాడు పార్దూ. అరవలేదు.

"చీజు తినడానికి" అంది నోయెలీ. పైకి అన్నాక ఆ కారణం ఎంత చిన్నదో ఆమెకే తెలిసింది. "పదకొండేళ్ళుగా ఒక్కసారి కూడా పూర్తిగా తిననివ్వలేదు మీరు. చప్పుడు ఆగితే చాలనుకున్నాను. మీరు చెవిని అనుమానిస్తారని అనుకోలేదు."

పార్దూ ఆ ముక్కని రెండు వేళ్ళతో తీసి, వెలుతురుకి పెట్టి, వాసన చూశాడు.

"ఇది నా టోపీ" అన్నాడు.

ఆయన కత్తి తీసుకుని, చెవి దగ్గర పెట్టుకోకుండానే, బొటనవేలితో నెట్టాడు.

ఠప్!

కుర్చీలు ఒక్కసారిగా గరగరలాడాయి. త్వానెత్ లేచింది, మారియస్ లేచాడు, నోయెలీ ఎలాగూ నిలబడే ఉంది. ఫోర్కు చేత్తో పట్టుకుని, బుగ్గ నిండా పోంప్‌తో, గార్దెల్ గారు కూడా లేచాడు. ఆయన పుట్టింది కూడా ఈ కొండ మీదే మరి.

పార్దూ ఒక్కొక్కరి మొహమే చూసుకుంటూ వచ్చాడు. చెల్లెలి దగ్గర ఆగాడు.

"ఇప్పుడు మోగిందా?"

"మోగింది."

"నెల రోజుల కిందట మోగనప్పుడు కూడా మోగిందన్నావు."

"మోగిందనే అనుకున్నాను అన్నయ్యా" అంది త్వానెత్, జీవితంలో మొదటిసారి గొంతు తగ్గించి.

"అయితే నా చెవి బాగానే ఉంది. పోయినవి మీ ఇద్దరివీ" అన్నాడు పార్దూ. "కూర్చోండి. గార్దెల్ గారి నోట్లో ముద్ద ఉంది."

భోజనమయ్యాక ఆయన లేచి, స్టూలు తీసుకెళ్ళి కిటికీ దగ్గర పెట్టుకుని, పండగ అని కూడా చూడకుండా ఆ వారం గంపలోని కత్తులన్నీ ఒక్కొక్కటీ విని చూశాడు. రెండింటిని వెనక్కి పెట్టాడు. మారియస్ "వెళ్ళొచ్చు" అన్నవే ఆ రెండూ.

నోయెలీతో నెల రోజులు మాట్లాడలేదు. ఏదైనా కావాలంటే ఆవుకి చెప్పేవాడు, ఆమె పక్కనే ఉన్నప్పుడు. "ఉప్పు తక్కువైందని ఆ మనిషికి ఎవరు చెబుతారే?" అని. ఆవు ఏమీ అనేది కాదు, నోయెలీ ఉప్పు వేసేది. భోజనాల దగ్గర ఠప్ మనడం మళ్ళీ మొదలైంది, చీజు మళ్ళీ సగంలో మిగలడం కూడా. ఆ నెల రోజులూ పార్దూ తన బల్ల దగ్గర ఒక పని గుడ్డ కప్పి ఉంచుకున్నాడు. ఎవరైనా అటు వస్తే గుడ్డ సర్దేవాడు.

కొత్త సంవత్సరం నాడు ఆ గుడ్డ కింద ఉన్నది తెచ్చి నోయెలీ పళ్ళెంలో పెట్టాడు. జేబు కత్తి. చిన్నది, ఆడవాళ్ళ అరచేతికి సరిపడేది. పిడి లేత పసుపు కొమ్ము, గార్దెల్ గారి దాపరికంలోని మేలైన ముక్క అయి ఉంటుంది. మూడు రివెట్లు. మూడింటికీ బెజ్జాలు ఆమె వేసే కొలతకే ఉన్నాయి.

కత్తి ఊరికే తీసుకుంటే బంధం తెగుతుందని అక్కడివాళ్ళ పట్టింపు. నోయెలీ ఏప్రన్ జేబు వెతికి ఒక సూ బిళ్ళ, చిల్లర నాణెం, తీసి మామగారి చేతిలో పెట్టింది. ఆయన దాన్ని జేబులో వేసుకుని అన్నాడు:

"ఇకనుంచి ఈ ఇంట్లో భోజనం నీ కత్తితో ముగుస్తుంది. నువ్వు మూసేదాకా ఎవరూ లేవరు. నేను కూడా."

"అన్నయ్యా! సాయంత్రం దాకా ఇక్కడే కూర్చోవాలి!" అంది త్వానెత్.

"కూర్చుందాం."

మొదటి రోజు నోయెలీ రాణిలా తింది. రెండో రోజూ అంతే. మూడో రోజు తలెత్తి చూసింది. అందరి పళ్ళేలూ ఖాళీ. త్వానెత్, మారియస్ చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆమె నోటి వంక చూస్తున్నారు, మర్యాదగా. పార్దూ మాత్రం ఆమె వంక చూడటం లేదు, కిటికీ వంక చూస్తున్నాడు. ఆమె కూడా అటు చూసింది.

జనవరి ఎండ ఎదుటి కొండ ఎక్కి వచ్చేసరికి పదకొండు దాటుతుంది. మూడింటికి దేవదారు చెట్ల వెనక్కి దిగిపోతుంది. ఆ మధ్యలోనే కిటికీ బల్లల మీద నిక్కమైన వెలుతురు. ఆ మధ్యలోనే మధ్యాహ్న భోజనం. ఆమె నమిలిన ఒక్కొక్క ముద్దకీ ఎండ పార్దూ బల్ల మీంచి ఒక వేలెడు పక్కకి జరుగుతోంది. పదకొండేళ్ళు ఆ వెలుతుర్లోనే బెజ్జాలు వేసింది, ఎక్కణ్ణించి వస్తోందో ఎప్పుడూ చూడలేదు. ఈ సంగతి ఆమెకి ఎవరూ చెప్పలేదు. ఆ ఇంట్లో చెప్పడం ఉండేది కాదు, ఠప్ మనడమే.

నోయెలీ ఆఖరి చీజు ముక్క పళ్ళెంలో ఉండగానే కత్తి మూసింది. చిన్న కత్తే గానీ గొంతు మాత్రం పెద్దది. మామగారు తన పగ అంతా ఆ స్ప్రింగులోనే పెట్టినట్టున్నాడు. త్వానెత్ ఎగిరి పడింది.

"ఇంకా ముక్క ఉందిగా?" అన్నాడు పార్దూ.

"సాయంత్రం తింటాలెండి. ఎండ పోతోంది."

ఆయన కిటికీ వైపు నడిచాడు. వెళుతూ వెళుతూ, ఆవుతో కాకుండా ఆమెతోనే, "చీకటి పడ్డాక ఎంతసేపైనా తిను" అన్నాడు. ఆ చలికాలమంతా రాత్రి భోజనాలు చాలా పొడుగ్గా సాగేవి. అలాంటి రాత్రుల్లోనే పార్దూ మొదటిసారి నవ్వగా చూసింది నోయెలీ. తండ్రి కథ తప్ప వేరే కథలు కూడా ఆయన దగ్గర ఉన్నాయని తెలిసింది. ఆయన చెవి చివరిదాకా పోలేదు. పోయింది ఆయనే, తొమ్మిదేళ్ళ తర్వాత, ఒక మార్చి నెలలో, బల్ల మీద సగం విన్న గంప ఉండగా.

ఇప్పుడు కిటికీ వారన పనిబల్లలు లేవు. జెరేనియం కుండీలున్నాయి, వాటికి వెలుతురు బాగా పడుతుంది. గంపలు రావడం మానేసి చాలా ఏళ్ళయింది. ఆదివారం తియేర్ నుంచి కూతురు ఒదీల్, అల్లుడు, పిల్లలు భోజనానికి వస్తారు. బల్ల మీద డజను ఒకే రకం కత్తులు, మడతలు లేనివి, అంచున రంపపు పళ్ళున్నవి. అవి మూయడానికి లేదు కాబట్టి భోజనం ఎప్పుడు అయిపోయిందో ఎవరికీ తెలియదు. కాఫీ అవుతుంది, మళ్ళీ చీజు వస్తుంది, రాజకీయాలు అవుతాయి, మళ్ళీ కాఫీ. నోయెలీకి కావలసినంత తీరిక. నలుగురితో పాటు నమలడానికి మాత్రం అన్ని పళ్ళు లేవు.

మారియస్‌కి డెబ్భై ఆరేళ్ళు. చెవులు బొత్తిగా పోయాయి, ఈయనవి నిజంగానే పోయాయి. తలుపు గంట వినపడదు, ఫోను వినపడదు, ఒదీల్ చెవి దగ్గర నోరు పెట్టి "కారొచ్చింది" అని అరిస్తే "చారెందుకిప్పుడు?" అంటాడు.

మొన్న ఆదివారం మూడు కావస్తోంది. దేవదారుల వెనక ఎండ దిగుతోంది. అల్లుడు ఏదో పన్నుల గురించి మాట్లాడుతున్నాడు, మారియస్ కిటికీ వైపు తిరిగి జెరేనియం చూసుకుంటున్నాడు. నోయెలీకి ఎందుకో చెయ్యి ఏప్రన్ జేబులోకి వెళ్ళింది. బల్ల కింద, ఎవరికీ కనపడకుండా, పసుపు కొమ్ము కత్తి విప్పి, మూసింది.

ఠప్!

అల్లుడు మాట ఆపలేదు. పిల్లలు తలెత్తలేదు.

మారియస్ ఒక్కడే, రెండు చేతులూ బల్లకి ఆనించి, గబుక్కున లేచి నిలబడ్డాడు. లేచాక, ఎందుకు లేచాడో తెలియక అందరి వంకా చూశాడు. చెవితో విన్నాడో, అలవాటుతో విన్నాడో.

"ఏమైంది నాన్నా?" అంది ఒదీల్.

"ఏం లేదు" అంది నోయెలీ, కత్తి జేబులో వేసుకుంటూ. "భోజనం అయిపోయింది."